మన వంటిల్లు: ఏడాది కారం



సంక్రాంతి దాటిందంటే నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడి చేలల్లో ధనియాల కోత మొదలవుతుంది. నేలలో మిగిలిన పదునుతో, మంచుతో పండే పంట అది. పీకిన మొక్కలను ఎండనిచ్చి కర్రలతో కొట్టి గింజ రాలుస్తారు. యెషయా 28వ అధ్యాయంలో ప్రవక్త జీలకర్రను గూర్చి ఇదే సంగతి చెప్పాడు: దానిమీద బండిచక్రం తిప్పరు, కర్రతో కొడతారు. పట్నంవారికి ఆ మాట విడమరచి చెప్పాలి గాని, మన తల్లులకు అక్కరలేదు. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నాను కొతిమెర గింజతో పోల్చడం కూడా మనకు ఇట్టే కంటికి కడుతుంది.

పండుగనాటి మాంసం కూరలో వేసే లవంగం ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో పుట్టింది. మేలైన చెక్క శ్రీలంక దీవిది. మిరపకాయ సైతం అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన పెద్దలకు మిరియాలే కారం. లవంగం, చెక్క లేకున్నా ఇల్లు గడుస్తుంది. కారం, ధనియాలు, పసుపు లేనిదే ఒక్క పూట గడవదు. కల్తీ జరిగేది కూడా వీటిలోనే.

మా చిన్నతనంలో ఎండాకాలం రాగానే ఏడాదికి సరిపడా కారం ఇంట్లోనే దంచేవారు. ఇప్పుడు పొట్లాలు కొంటున్నాము. (రాతిపనికి పేరుపడిన ఆళ్లగడ్డ దాపున ఉండి కూడా మన రోళ్లు కోళ్లకు నీళ్ల తొట్లయ్యాయి!) తప్పు పట్టడం లేదు. కూలికి వెళ్లి వచ్చిన తల్లికి రోకలి ఎత్తే ఓపిక ఎక్కడిది? అయితే విడిగా అమ్మే పసుపులో మెటానిల్ యెల్లో అనే రంగు గాని, సీసం ఉన్న లెడ్ క్రోమేట్ గాని కలిపే దుర్మార్గులున్నారు. కారంలో ఇటుకపొడి, సూడాన్ రంగులు. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని ఏ మందూ పూడ్చలేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణీ స్త్రీల రక్తంలోని సీసానికి పసుపే ముఖ్య కారణమని 2019లో పరిశోధకులు కనుగొన్నారు. అక్కడ కొమ్ములకే రంగు పూశారు. ప్రభుత్వం దాడులు చేసి జరిమానాలు వేశాక ఆ కల్తీ దాదాపు ఆగిపోయింది. కనుక కొమ్ములు కొన్నాము గదా అని నిశ్చింతగా ఉండకండి. చేతికి రంగు అంటుకునే, మరీ మెరిసే కొమ్ములు వద్దు.

గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచండి. మంచిదైతే అడుక్కు దిగి నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. చిక్కని పసుపురంగు తిరిగితే అనుమానించండి. కారం వేసిన వెంటనే ఎర్రని చారలు దిగితే అది రంగే. అడుగున మిగిలినది వేళ్లతో నలిపితే గరగరలాడితే ఇటుకపొడి. సీసాన్ని మాత్రం ఈ పరీక్ష ఖాయంగా పట్టదు. దానికి ప్రయోగశాల కావలసిందే.

మా సలహా ఒక్కటే. స్త్రీల మైత్రిలో నలుగురైదుగురు కలిసి కోతలప్పుడే ధనియాలు రైతు దగ్గర, మిరపకాయలు కల్లం దగ్గర కొనండి. మేము కిలో మిరపకాయలకు అరకిలో ధనియాలు, 100 గ్రాముల జీలకర్ర, 50 గ్రాముల మెంతులు వేస్తాము. రంగు కావాలంటే సగం బ్యాడిగ కాయలు కలపండి, ఘాటు తగ్గుతుంది. ధనియాలు, జీలకర్ర, మెంతులు దోరగా వేయించి, చల్లారాక మిల్లుకు తీసుకువెళ్లి, పొడి చేతికొచ్చేదాకా దగ్గరే నిలబడండి. పసుపు కొమ్ములను ముందు రోట్లో ముక్కలు చేయాలి. నిండు కొమ్ము మిక్సీలో వేస్తే బ్లేడు విరుగుతుంది. మా ఇంట్లో రెండు విరిగాయి.