స్టీరింగు కన్నా ముందు సంతకం

కొయ్యూరు కుర్రాళ్లకు లారీ కొత్తేం కాదు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516-ఇ జాతీయ రహదారి వాళ్ల ఊరి మీదుగానే పోతుంది. కొండ దిగి నర్సీపట్నం దాటితే చెన్నై-కోల్‌కతా హైవే, ఆపైన విశాఖ, గంగవరం రేవులు. ఘాట్ రోడ్డు మలుపులు చూస్తూ పెరిగిన పిల్లాడికి డిగ్రీ కన్నా డ్రైవింగే దగ్గరి దారిలా కనిపిస్తే ఆశ్చర్యమేముంది? అలాంటి ఇంట్లో ఈ మాటలు వినిపించడం సహజమే.

‘‘నాన్నా, కంపెనీవాళ్లే లారీ నేర్పుతారట. పైసా కట్టక్కర్లేదట!’’

‘‘ఊరకనే ఎవడు నేర్పుతాడ్రా? ఏదో మెలిక ఉంటాది.’’

కొడుకు ఆశలో నిజముంది. తండ్రి అనుమానంలోనూ నిజముంది. కంపెనీ శిక్షణ మంచిదే. కానీ అది ఉచితం కాదు, అప్పు. ఆ అప్పు డబ్బుతో కాకుండా పనితో తీరుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి సంతకం పెడితే చాలు, సగం గొడవలు ఉండవు.

మూడు దారులు

పాత దారి అందరికీ తెలిసిందే. క్లీనరుగా చేరడం, టైర్లు కొట్టి చూడటం, డ్రైవరు గారి దయ కలిగిన రాత్రి ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టడం. పని వస్తుంది, కానీ ఎన్నేళ్లకో తెలీదు. డ్రైవరు అలవాట్లు, పొరపాట్లు కూడా దాంతోపాటే వస్తాయి.

రెండోది సొంత డబ్బుతో డ్రైవింగ్ స్కూల్లో చేరడం. ఖర్చు మనదే, స్వేచ్ఛా మనదే.

మూడోది కంపెనీ శిక్షణ. ఇందులో రెండు రకాలున్నాయి. లారీలు తయారుచేసే సంస్థలు నడిపే కేంద్రాలు ఒక రకం. అశోక్ లేలాండ్ 1995లోనే తమిళనాడులోని నామక్కల్‌లో డ్రైవర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టింది. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలోనూ ఆ సంస్థ భాగస్వామ్యంతో శిక్షణ కేంద్రం వచ్చింది. ఇలాంటిచోట ప్రధానంగా పని నేర్పుతారు. రెండో రకం సరుకు రవాణా కంపెనీలది. ‘మేం నేర్పుతాం, మీరు ఇన్నేళ్లు మా బండే నడపాలి’ అనేది వాటి షరతు. అమెరికాలోనూ కొన్ని పెద్ద ట్రక్కు కంపెనీలు శిక్షణ ఖర్చు తామే పెట్టుకుని, ఏడాదో అంతకన్నా ఎక్కువో పనిచేయాలని రాయించుకుంటాయి. మధ్యలో మానేస్తే ఖర్చు వసూలు చేస్తాయి.

నెలలో హెవీ లైసెన్సా?

‘ఇంటరు అయిందా, రండి, నెలలో హెవీ లైసెన్సు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. హెవీ ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వాలంటే అంతకుముందే కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ, కనీసం ఏడాదిగా ఉండాలి. కాబట్టి 18 నిండగానే కారు లైసెన్సు తీసుకుంటే, 20 వచ్చేసరికి ఆ ఏడాది నిబంధన ఎప్పుడో దాటిపోతుంది. ఇందుకు ఏ కంపెనీ దయా అక్కర్లేదు.

ఇంకో వెసులుబాటూ ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న బండితో చెయ్యి తిరిగాక పెద్ద బండికి వెళ్లొచ్చు.

ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న పాత నిబంధనను 2019లో తీసేశారు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అక్కడ హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. పాసైనవారికి ఆర్టీవో ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. కంపెనీ పంపే కేంద్రానికి ఆ గుర్తింపు ఉందో లేదో ముందే అడగండి.

కాగితంలో ఏం చూడాలి?

శిక్షణ ఖర్చు ఎంతని రాశారు? ఎన్నేళ్లు పనిచేయాలి? ఆ లెక్క శిక్షణలో చేరిన రోజు నుంచా, లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచా? టెస్టు ఫెయిలైతే, జబ్బు చేస్తే, కంపెనీయే తీసేస్తే డబ్బు ఎవరు కట్టాలి?

అన్నిటికన్నా ముఖ్యం, బాకీ నెలనెలా తగ్గుతుందా లేదా అన్నది. ఉదాహరణకు ఖర్చు 48,000 రూపాయలు, గడువు రెండేళ్లు అనుకోండి. నెలకు 2,000 చొప్పున తగ్గే పద్ధతిలో ఏడాదికి మానేస్తే 24,000 కడితే సరి. తగ్గని పద్ధతిలో 23వ నెలలో మానేసినా మొత్తం 48,000 అడుగుతారు.

జీతమా, ట్రిప్పు లెక్కా? బత్తా ఎంత? డీజిలు తేడా, సరుకు తరుగు, చలానా ఎవరి నెత్తిన? సీనియరు పక్కన ఎన్ని నెలలు కూర్చోబెడతారు? ఇవీ అడగాలి. సర్టిఫికెట్లకు జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.

‘బాండు కోర్టులో చెల్లదులే’ అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. వాళ్ల మాట పట్టుకోవద్దు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని రాసిన అంకె మొత్తం కంపెనీకి రావాలనీ లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఆ అంకెకు మించకుండా సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తారు.

కాగితం ఇంగ్లిషులో ఉంటే బడి పంతులు గారి చేతో, వకీలు చేతో చదివించుకోండి. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల కమిటీని అడగవచ్చు.

ఖర్చు రాసి, బాకీ నెలనెలా తగ్గించి, గుర్తింపున్న కేంద్రానికి పంపి, కొన్నాళ్లు సీనియరు పక్కన కూర్చోబెట్టే కంపెనీ దొరికితే, చేతిలో డబ్బులేని ఇంటికి అంతకన్నా మంచి దారి లేదు. అలాంటి కంపెనీ కాగితాన్ని ఒక రాత్రికి ఇంటికి తీసుకెళ్లనిస్తుంది. ‘ఇప్పుడే, ఇక్కడే సంతకం పెట్టు’ అని తొందరపెడితే మాత్రం ఆ బండి ఎక్కకపోవడమే మంచిది.