చెరసాల తలుపు తెరచిన తరువాత

చంచల్‌గూడ కేంద్ర కారాగారమునుండి ఒకడు విడుదలయినాడనుకొందము. బెయిలు ఉత్తరువు చేరి, పుస్తకములలో సంతకములు ముగిసి, అతడు వాకిలి దాటునప్పటికి దీపములు పెట్టువేళ యగుట సాధారణము. చేత నొక సంచి. లోపల పనిచేసియున్నచో కొద్దిపాటి కూలి డబ్బు. సెల్‌ఫోను మిగిలియున్నను దాని నంబరు మిగిలియుండదు. కొన్ని నెలలు వాడని నంబరును కంపెనీలు రద్దుచేయును. ఆ నంబరునకు వచ్చు అంకెల సంకేతము లేనిదే నేటి దినమున బ్యాంకు ఖాతా పలుకదు, కూలి చెల్లించువాడు నమ్మడు. మలక్‌పేటలో మెట్రో యెక్కినచో నడుమ బండి మారకయే అమీర్‌పేటలో దిగవచ్చును. అతడు అక్కడికే వచ్చును. ఏలయన, ఈ నగరమున పరిచయము లేనివానికి గది దొరకు చోటు అమీర్‌పేటయే యని ఎవ్వరైనను చెప్పుదురు.

ఆ మాట నిజమే. మైత్రీవనము చుట్టుపట్ల గల సందులలో గోడ కనబడకుండ హాస్టలు ప్రకటనలు అంటించియుందురు. శ్రీకాకుళమునుండి ఆదిలాబాదు వరకు గల ప్రతి జిల్లా పిల్లవాడును కంప్యూటరు విద్య నేర్చుటకు ఇక్కడికే వచ్చి, గదికి నలుగురు చొప్పున పడుకొని, మెస్సులో పప్పన్నము తిని, ఉద్యోగము దొరకిన వెంటనే లేచిపోవును. ఊరు పేరు తెలియనివానికి చోటిచ్చుటయే ఈ పేటకు జీవనాధారము. ఇందు తప్పులేదు, గౌరవమైన వృత్తియే. కాని మన విడుదలయైనవాడు వచ్చి మంచము అడిగినప్పుడు, “ఇంతవరకు ఎక్కడ నుంటివి?” అను ప్రశ్న పుట్టును. అబద్ధమాడినచో మంచము దొరకును. నిజము చెప్పినచో దొరకదు. సత్యమే పలుకవలెనని పిల్లలకు నేర్పు గృహస్థులము మనము. చెరవిడిచిన మొదటి రాత్రియే అబద్ధమాడక నిద్రింపరాని స్థితి కల్పించి, వాని నడవడి చక్కబడలేదని మరునాడు నిందించువారమును మనమే.

“నేరము చేసినవానికి చోటిచ్చుటెట్లు?” అని మనలో పలువురడుగుదురు. మొదట ఆ “నేరము చేసినవాడు” అను మాటను పరీక్షింపుదము. 2022 సంవత్సరాంతమున కేంద్రప్రభుత్వము ప్రకటించిన లెక్కలబట్టి, ఈ దేశపు కారాగారములలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా విచారణలో నున్న ఖైదీలే. అనగా న్యాయస్థానము వారిని దోషులని ఇంకను చెప్పలేదు. వారిలో కొందరు నిర్దోషులని తేలుదురు. కాని ఆ తీర్పు న్యాయస్థానపు కాగితముమీదనే యుండును. ఇంటి యజమానుల చెవికి చేరదు.

ఈ విషయమున ఇతరులనే తప్పుపట్టుట నాకు తగదు. పంజాగుట్ట ప్రాంతమున మేముండు భవనమునకు కొంతకాలము క్రిందట కావలివాడు కావలసివచ్చెను. ఒకడు వచ్చెను, నడివయస్సువాడు, మాట నెమ్మది. రెండేండ్లు జైలులో నుంటినని, కేసు కొట్టివేయబడినదని, తానే చెప్పెను. తీర్పు నకలు సంచిలోనుండి తీసి చూపెను. మా సంఘములో పది పండ్రెండుగురము చదువుకొన్నవారము కూర్చుంటిమి. ఒకరు కాగితమును చదివిరి. మరియొకరు “పాపము, మంచివాడే, అయినను ఆడపిల్లలుగల కొంప” అనిరి. నేనేమియు అనలేదు. మరుసటి వారము ఎవ్వరి పూర్వోత్తరములును విచారింపకయే వేరొకనిని పెట్టుకొంటిమి. నిజము చెప్పినవానికి తలుపు మూసి, ఏమియు చెప్పనివానికి తలుపు తెరచితిమి.

ప్రభుత్వమువారు ఈ మనుష్యులను ఎరుగరని యనుకొనరాదు. 2018 జనవరి 18వ తేదీన తెలంగాణ పోలీసువారు “సకల నేరస్థుల సమగ్ర సర్వే” యను పేర రాష్ట్రమంతట ఒక్క దినమున ఇల్లిల్లు తిరిగి, పూర్వము కేసులున్నవారి వివరములు వ్రాసికొనిరి. అంతటి పని ఒక్కనాటిలో చేయగల యంత్రాంగమును చూచి ఆశ్చర్యపడవలసినదే. ఆ పట్టుదలలో పదవవంతు వీరికి గది చూపుటకు, పని చూపుటకు, వైద్యుని యొద్దకు కొనిపోవుటకు వినియోగించినచో, పట్టికలో పేర్లు తగ్గియుండెడివి కావా?

కొంత మేలు జరుగుట లేదనలేము. జైళ్ల శాఖవారు పెట్రోలు బంకులు నడుపుచున్నారు. ఖైదీలును, విడుదలయినవారిలో కొందరును అచ్చట జీతమునకు పనిచేసినారు. చంచల్‌గూడ దగ్గర మహిళలచేత నడిపించిన బంకును కూడ తెరచిరి. వాహనమునకు చమురు పోయించుకొని, చిల్లర లెక్కపెట్టుకొని పోవు వేలాది జనులలో ఎవ్వరికిని ఏ హానియు కలుగలేదు. అక్కడ అతని చేతికి మన డబ్బు నిచ్చుటకు జంకనివారము, మన దుకాణములో తూకము పట్టించుటకు జంకుచున్నాము. మంచి పనియే, కాని ఎన్ని బంకులు పెట్టినను విడుదలయగువారందరికి చాలునా? ప్రభుత్వ ద్వారముననే పనిచేయువానికి ప్రభుత్వపు నీడ దాటి పని దొరకనంతవరకు, అతడు చెరనుండి సగమే వెలువడినట్లు.

ఇక మత్తు సంగతి. ఇది మన గృహములలో గుసగుసగా తప్ప చెప్పుకొనని సంగతి గనుక కొంత విప్పి చెప్పవలసియున్నది. తెలంగాణమున కల్తీకల్లులో అల్ప్రాజోలాము, డయజిపాము, క్లోరల్ హైడ్రేటు అను మందులు కలుపుదురు. వీనికి అలవాటుపడిన దేహమునుండి వీనిని ఒక్కసారిగా తొలగించినచో వణుకు, నిద్రలేమి, భ్రాంతి, మూర్ఛలు వచ్చును, ప్రాణమే పోవచ్చును. సారాయివంటి మద్యమునకును ఇదే గతి. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌను విధించి దుకాణములు మూయగానే, అమీర్‌పేటకు కూతవేటు దూరముననున్న ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు అట్టివారు బారులు తీరి వచ్చిరి. అంతకుముందు వారిని “తాగుబోతులు” అని పిలిచిన మనకు, ఇది రోగమని ఆ వారముననే తెలిసినది. దుకాణములు తెరవగానే మరచితిమి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించినప్పుడు మరల కొన్ని దినములు జ్ఞాపకము వచ్చినది.

చెరలోనికి పోయినవానికి ఆ మత్తు బలవంతముగా మానును. మానినంతమాత్రమున నయమైనదనుకొనుట అజ్ఞానము. దేహము తట్టుకొను శక్తి తగ్గిపోవును, కోరిక తగ్గదు. విడుదలయైన రాత్రి పాత మోతాదే తీసికొన్నవానికి అది విషమగును. అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున చేసి 2007లో ప్రకటించిన యొక పరిశోధనలో, విడుదలయైన మొదటి రెండు వారములలో వీరి మరణప్రమాదము సామాన్యజనుల కంటె పండ్రెండు రెట్లకు పైబడియున్నదని, మత్తుమందుల మోతాదు మించుటయే అందు ముఖ్యకారణమని తేలినది. మన నగరమునకు ఆ లెక్క యథాతథముగా వర్తించునని నేననను. మందులు వేరు, మనుష్యుల స్థితి వేరు. కాని ఆ రెండు వారములలోనే మనము వానిని ఫుట్‌పాతుమీద విడుచుచున్నామన్నది వేరు కాదు.

మరి ఆ ఫుట్‌పాతున కెదురుగా తెరచియుండునది ఏ దుకాణము? 2023లో తెలంగాణ ప్రభుత్వము 2,620 మద్యపు దుకాణములకు చీట్లు తీసినది. దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు. చీటి రాకున్నను తిరిగి యివ్వరు. సుమారు 1,32,000 దరఖాస్తులు వచ్చెను. అనగా ఒక్క సీసా అమ్ముడుపోకముందే 2,600 కోట్లకు పైబడి ఖజానాకు చేరినది. ఈ ధనములో ఒక చిన్న పాలు తీసి, విడుదలయగు రోగికి ఎఱ్ఱగడ్డలో వైద్యుని దర్శనపు తేదీ ముందే నిర్ణయించి, ఆ తేదీవరకు ఒక మంచమిచ్చుటకు ధనము లేదనువారితో నాకు వాదము లేదు. వారికి కూడికలు నేర్పవలెను.

“ఇట్టివారు మారరు” అనునది చివరి యాక్షేపణ. తెలుగువారమైన మనము ఈ మాట అనుటకు సిగ్గుపడవలెను. 1871లో ఆంగ్లేయులు చేసిన నేరస్థజాతుల శాసనము కొన్ని కులములవారు పుట్టుకతోనే దొంగలని నిర్ణయించినది. ఆ శాసనపు నీడలోనే బాపట్ల దాపున స్టూవర్టుపురము వెలసి, ఎరుకల కుటుంబములు అందు నిర్బంధములో పెరిగినవి. 1952లో శాసనము రద్దయ్యెను గాని పేరు పోలేదు. 1970 దశకమున గోరాగారి కుమారుడు లవణముగారును, జాషువా కవి కుమార్తె హేమలతగారును ఆ యూరికి పోయి, పేరుమోసిన దొంగల యిండ్లలో కూర్చుండి, వారితో మాటలాడి, వృత్తులు చూపి, పిల్లలకు చదువు చెప్పించిరి. అందరును మారిరని నేననను. మారినవారు మారుటకు కారణము మాత్రము ఉపన్యాసము కాదు. వారి గడప తొక్కిన మనుష్యులు.

పసిపిల్లలకు అపకారము చేసి శిక్షపడినవానిని పాఠశాల వాకిట కావలి పెట్టుమని ఎవ్వరును కోరరు. ఏ పనికి ఎవరు తగుదురో విచారించుట వివేకము. కాని చిల్లర దొంగతనమునకు పోయినవానిని, త్రాగి కొట్లాడినవానిని, నిర్దోషిగా తేలినవానిని ఒకే గాట కట్టుట వివేకము కాదు, సోమరితనము. శాసనము సహితము ఈ భేదమును ఎరుగును: 1958 నాటి ప్రొబేషను శాసనపు 12వ నిబంధన ప్రకారము, ఆ శాసనము క్రింద మందలించి గాని, మంచి నడవడికి పూచీ తీసికొని గాని విడిచిపెట్టబడినవానికి శిక్షవలన కలుగు అనర్హతలు అంటవు. శాసనము అంటవన్న మరకను మన హాస్టలు యజమానుడు అంటించుచున్నాడు.

నేనడుగునది పెద్దది కాదు. అమీర్‌పేటలో హాస్టళ్లు నడుపువారు ఒక్కొక్కరు ఒక్క మంచము ముప్పది దినములకు విడుచుదురు గాక. అద్దెను ప్రభుత్వము గాని, ధర్మసంస్థ గాని చెల్లించును. ప్రొబేషను అధికారి పూచీ నిలుచును. కారాగారపు వైద్యుడు వ్రాసిన చీటి ముందుగానే ఆస్పత్రికి పోవును. నంబరు, ఆధారు సంగతులు విడుదలకు ముందే చక్కబరచి పంపుదురు. ముప్పది దినములు గడచిన వానికి పని వెదకుట సులభము. ముప్పది దినములు గడవనివానికి వెదకుట వ్యర్థము.

మా భవనపు సంఘము వచ్చే నెల మొదటి ఆదివారము కూడును. మొన్న పెట్టుకొన్న కావలివాడు చెప్పకయే ఊరికి పోయినాడు గనుక ఆ పని మరల ఖాళీగా నున్నది. తీర్పు నకలు చూపిన మనిషి యొక్క చిరునామా మాలో నెవ్వరును అప్పుడు వ్రాసికొనలేదు. వానిని కనుగొనుట యెట్లో నాకు తెలియదు. కారాగారము వద్దకు పోయి, అట్టివాడు మరియొకడు ఉన్నాడేమో అడుగవలెనని యున్నాను.