అరువు సొమ్ముతో జూదం

జూదాన్ని షైతాను పనిగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశించింది (అల్ మాయిదా: 90). వడ్డీని హరామ్ చేసింది (అల్ బఖరా: 275). క్రెడిట్ కార్డుతో పందెం కాసేవాడు, లాటరీ కొనేవాడు ఈ రెండు హద్దులనూ ఒకేసారి దాటే ప్రమాదంలో పడతాడు. అనేక బ్యాంకులు అలాంటి చెల్లింపును నగదు తీసుకున్నట్లుగానే లెక్కగట్టి, ఆ రోజు నుంచే వడ్డీ వేస్తాయి. ఆట ముగుస్తుంది, అప్పు మాత్రం ఇల్లాలి నెలసరి ఖర్చులోకీ, పిల్లల ఫీజులోకీ చొరబడుతుంది.

ఈ హానిని గ్రహించే బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుంచి పందేలకు క్రెడిట్ కార్డు వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలతో పాటు, వాటికి బ్యాంకులు చెల్లింపులు జరపడాన్ని కూడా నిషేధించింది. అయితే మన చేతిలోని ఫోనుకు చట్టం ఒక్కటే కాపలా కాలేదు.

మన ఇంటి బిడ్డ ఈ ఊబిలో చిక్కితే ఏం చేద్దాం? నలుగురిలో నిందిస్తే అతడు మరో అప్పుతో పాత అప్పును దాచిపెడతాడు. కనుక ఏకాంతంగా మాట్లాడుదాం. కార్డును రద్దు చేయించి, బాకీ ఎంతో కాగితంపై రాయించుదాం. తౌబా వైపు నడిపించి, తీర్చే మార్గాన్ని కలిసి ఆలోచిద్దాం. జకాత్ హక్కుదారులలో రుణగ్రస్తులను కూడా చేర్చిన అల్లాహ్ (అత్ తౌబా: 60), పశ్చాత్తాపం చెందినవారికి తలుపు మూయలేదు. మనమూ మూయరాదు.