నాయనమ్మ ఎందుకు ఎర్రబడింది?

చింతలపూడిలో మా ఇంటి నడవ గోడకి రెండు ఫోటోలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి తాతయ్యది. 1968లో ఏలూరు వెళ్ళి తీయించుకున్నది, బ్రోమైడ్ కాగితం మీద వేసింది. అంచులు కాస్త పసుపెక్కాయి, కింద ఒక మూల చెద తిన్నది. మనిషి మాత్రం అలాగే ఉన్నాడు. కోటు నల్లగా, పంచె తెల్లగా, మీసంలో ఏ వెంట్రుకకా వెంట్రుక. రెండోది నాయనమ్మది. ఆవిడ 2013 వేసవిలో, మామిడికాయ కోతల మధ్యలో పోయింది. పెద్దకర్మకి ఫోటో కావాలి. దగ్గర్లో ఒక స్టూడియోకి వెళ్ళాం. "మా నాన్న పక్కన పెట్టాలి బాబూ, బ్లాక్ అండ్ వైట్‌లో వేసెయ్" అన్నాడు మా నాన్న. అరగంటలో ఇంక్‌జెట్ మీద తీసి, అద్దం వేసి, ఫ్రేము కట్టి ఇచ్చాడు. "ఎన్నాళ్ళుంటుంది?" అని నేనే అడిగాను. "వందేళ్ళండీ" అన్నాడు.

పదేళ్ళు నిండకుండానే నాయనమ్మ ఎర్రబడింది. ముందు జుట్టు తుప్పు రంగుకి తిరిగింది, తర్వాత మొహం బెల్లం పాకంలా అయింది. ఇప్పుడు కళ్ళు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. స్టూడియోకి వెళ్తే కంప్యూటర్లో హార్డ్ డిస్క్ ఎప్పుడో పోయిందన్నారు. యాభై ఏళ్ళ కిందట పోయినాయన నిక్షేపంగా ఉన్నాడు, నిన్నగాక మొన్న పోయినావిడ గోడ మీద రెండోసారి పోతోంది.

ఆ స్టూడియో అబ్బాయిని తిట్టడానికి ఇది రాయడం లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. అతను నమ్మిందే నాతో అన్నాడు. నా గొడవ చెప్పాల్సినవాళ్ళతో. అంటే ఫోటోగ్రఫీ మీద వ్యాసాలు రాసేవాళ్ళం, ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్ళం, 'చూపే కళ, ప్రింటుదేముంది, మెషీను పని' అనేవాళ్ళం. నలుపు తెలుపు గురించి మనం కవిత్వం బోలెడు చెప్పాం. నీడలన్నాం, మౌనమన్నాం, జ్ఞాపకమన్నాం. ఆ నలుపు దేంతో చేస్తారని మాత్రం అడగలేదు.

అడిగితే తెలిసేది ఇది. మన ఊళ్ళ స్టూడియోల్లో ఎక్కువగా కనిపించేవి ఆరు ట్యాంకుల ప్రింటర్లు. నీలం, లేత నీలం, మెజెంటా, లేత మెజెంటా, పసుపు, ఒక్క నలుపు. నల్ల ఇంకు ఒకటే కాబట్టి బూడిద రంగు కావలసినప్పుడల్లా ప్రింటరు మిగతా రంగులన్నీ కలిపి వండుతుంది. అంటే మనం నలుపు తెలుపు అనుకుని ఇంటికి తెచ్చుకునేది కలర్ ఫోటోయే. రంగులు ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకున్నంతసేపే అది బూడిదగా కనిపిస్తుంది. పైగా అవి డై ఇంకులు, నీళ్ళలో కరిగిపోయిన రంగులు. ఎండకీ గాలికీ ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోతుంది. నీలం ముందు పోయిందంటే మిగిలేది ఎరుపూ పసుపూ. మా నాయనమ్మకి జరిగింది అదే. దీనికి తోడు కంపెనీ ఇంకు ఖరీదని లీటరు సీసాల్లో వచ్చే లోకల్ ఇంకు పోస్తే, ఆ వేగం ఎంతో ఎవరికీ తెలియదు.

ఇది మన ఊళ్ళకే పట్టిన దరిద్రం కూడా కాదు. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 మోడళ్ళు చాలా ఏళ్ళు నిలిచే ఫోటోలంటూ వచ్చాయి. కొన్న కొందరి ఇళ్ళలో వారాల్లోనే బొమ్మలు నారింజ రంగుకి తిరిగాయి. కారణం ఎండ కాదు, గాలిలోని ఓజోన్. నీలం డైని అది తినేసింది. కాగితం పైపూతలో సూక్ష్మమైన రంధ్రాలుంటే ఇంకు చిటికెలో ఆరుతుంది, ఆ రంధ్రాల్లోంచే గాలీ లోపలికి పోతుంది. 'ఇన్‌స్టంట్ డ్రై' అని ప్యాకెట్ మీద గొప్పగా రాసుకునే గుణమే డై ఇంకుకి యముడు. ఆ పాఠం నేర్చుకుని పెద్ద ప్రింటర్లు పిగ్మెంట్ ఇంకులకి మారాయి. పిగ్మెంట్ కరగదు, సన్నటి పొడి రేణువులుగా కాగితానికి పట్టుకుని ఉంటుంది. 2005లో అదే కంపెనీ కే3 అని ఇంకుల వరస తెచ్చింది. కే అంటే నలుపు, మూడు నలుపులు: నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు. నలుపు తెలుపు ఫోటోకి దాదాపు ఈ మూడింటితోనే పని నడుస్తుంది, ఛాయ కొంచెం వెచ్చగానో చల్లగానో ఉండాలంటే రంగు ఇంకు చిటికెడు పడుతుంది. క్యానన్‌లోనూ బూడిద ఇంకులున్న ప్రింటర్లున్నాయి. అమెరికాలో జాన్ కోన్ అనే ఆయన ఇంకా ముందుకెళ్ళి, రంగులన్నీ తీసేసి ట్యాంకులన్నిట్లో నలుపు ఛాయలే నింపే పియజోగ్రఫీ పద్ధతి పెట్టాడు.

ఆ నలుపేమిటి? కార్బన్. మన మాటలో మసి. మనవాళ్ళు తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లోకి దీపం మసి రుద్దేవారు. ఆకు పొడుం కావాలి తప్ప అక్షరం వెలవదు. మసిని మించి నిలిచే నలుపు లేదని వందల ఏళ్ళ కిందటే తెలిసిన జాతి, అమ్మానాన్నల మొహాల్ని మాత్రం నీళ్ళ రంగులకి అప్పజెప్పింది.

నేను దీన్ని నమ్మకం మీద చెప్పడం లేదు. రెండేళ్ళ కిందట ఒకే ఫోటోని డై ఇంకుతో ఒకటి, మూడు నలుపుల పిగ్మెంట్‌తో ఒకటి ప్రింటు తీశాను. సగం సగం అట్టతో కప్పి, దక్షిణం కిటికీకి లోపలివైపు అతికించాను. సంక్రాంతికి పెట్టి, మామిడి సీజను అయ్యాక జూన్ చివర తీశాను. డై ప్రింటులో అట్ట అంచు గీత గీసినట్టు కనిపించింది. ఇటు బూడిద, అటు ఇటుక. పిగ్మెంట్ దాంట్లో గీత ఎక్కడుందో మా ఆవిడకి చూపించి వెతకమన్నాను. దొరకలేదు. ఇది ల్యాబు పరీక్ష కాదు, తెలుసు. హెన్రీ విల్‌హెల్మ్ లాంటివాళ్ళు దశాబ్దాలుగా దీపాల కింద లెక్కకట్టి చేస్తున్న పని అది. వాళ్ళ అంకెలు కూడా ఫలానా ఇంకు, ఫలానా కాగితం, ఫలానా అద్దం అన్న షరతులతో వచ్చేవే. మన దగ్గరికొచ్చేసరికి షరతులన్నీ రాలిపోయి 'వందేళ్ళు' ఒక్కటే మిగులుతుంది.

ఇక రెండో వైపు మనుషులు. వీళ్ళతో నాకు ఇంకా చిరాకు. హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్‌లో ఒకాయన తన ఫోటో ముందు నిలబడి, ఫోటో గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా పావుగంట సేపు కాగితం గురించి చెప్పాడు. హానెమ్యూలే ఫోటో రాగ్, 308 జీఎస్‌ఎం, జర్మనీ, 1584 నుంచీ కాగితం చేస్తున్న మిల్లు. అన్నీ నిజాలే. మంచి కాగితమే, నేనూ వాడాను. కానీ ఆయన నీడలన్నీ ఒకే ముద్ద. ఆ కాగితానికి మ్యాట్ బ్లాక్ ఇంకు వాడాలి. గ్లాసీకి వాడే ఫోటో బ్లాక్‌తో కొట్టించినట్టున్నాడు, నలుపంతా సుద్ద పట్టినట్టుంది. ఏ3 ప్లస్ సైజు అలాంటి కాగితం ఒక్కటి, కాయ కోతకొచ్చిన మనిషి అరపూట కూలి చేస్తుంది. దాని మీద తప్పు ఇంకు పోసి 'ఆర్కైవల్' అనడం, నాకైతే స్టూడియో అబ్బాయి మాటకంటే పెద్ద అబద్ధం. ఆ అబ్బాయి తెలియక అన్నాడు.

కాగితం విషయంలో తెలియాల్సింది అంత ఎక్కువేం లేదు. స్టూడియోల్లో దొరికే గ్లాసీ కాగితం రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఇరికించిన కాగితం. బరైటా అంటే బేరియం సల్ఫేట్ పూత ఉన్నది, పాత డార్క్‌రూమ్ కాగితపు మెరుపు దానికి వస్తుంది. మ్యాట్‌లో పత్తితో చేసినవీ, కర్రగుజ్జుని బాగా శుద్ధిచేసి చేసినవీ ఉంటాయి. బరైటా మీద నలుపు గాఢత 2.2, 2.3 దాకా వెళ్తుంది, మ్యాట్ మీద 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకె పట్టుకుని మ్యాట్‌ని తీసిపారేసేవాళ్ళున్నారు. చేతిలో పట్టుకు చూస్తే తేడా నిజమే. కానీ మన ఇళ్ళలో ఫోటో అద్దం వెనక ఉంటుంది. అద్దం మీద వీధి గుమ్మం, ట్యూబ్‌లైటు, అవతలి గోడ క్యాలెండరూ అన్నీ మెరుస్తాయి. అక్కడ ఆ 2.3 ఎంత మిగులుతుందో చూడండి.

దీనికంటే పెద్ద మోసం తెల్లదనంలో ఉంది. చాలా కాగితాలకి మిలమిల్లాడే తెలుపు రావడానికి బట్టలసబ్బులో కలిపేలాంటి రసాయనం కలుపుతారు. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలంగా వెలుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ శక్తి చచ్చి, కాగితం అసలు పసుపు బయటపడుతుంది. నలుపు తెలుపులో తెల్లదనమంతా కాగితానిదే కాబట్టి కాగితం పసుపైతే మనిషి పసుపైనట్టే. దీన్ని పట్టుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. కిరాణా కొట్లో దొంగనోట్లు చూసే దీపం ఉంటుంది కదా, దాని కింద పెట్టండి. ఈ రసాయనం ఉన్న కాగితం నీలంగా భగ్గుమంటుంది. అసలు నోటు వెలగదు, ఎందుకంటే మన రూపాయి నోటు ఆ రసాయనం లేని పత్తి కాగితం. నేను మా వీధి చివర కొట్లో ఇలా పదకొండు రకాల కాగితాలు చూశాను. కొట్టాయన మొదట అనుమానంగా చూసి, తర్వాత తన పద్దుపుస్తకం కాగితం కూడా పెట్టి చూసుకున్నాడు. 'ప్రీమియం' అని రాసున్నవి దీపావళిలా వెలిగాయి.

'ఇవన్నీ ఎందుకు, అసలు నలుపు తెలుపంటే డార్క్‌రూమే' అనే పెద్దలకి నమస్కారం. ఆ ఎర్రదీపం గది నాకూ ఇష్టమే. కానీ ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, 'ఇందు' పేరుతో మనకి ఫిల్మూ కాగితమూ ఇచ్చినది, ఇప్పుడు లేదు. పైగా ఆ రోజుల్లో అన్నీ తాతయ్య ఫోటోల్లా నిలవలేదు. హైపోలో తీసి రెండు నీళ్ళలో జాడించి ఆరేసిన ప్రింట్లు మా ఇంట్లోనే ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, అన్నీ కషాయం రంగులో. ఏలూరు ఫోటోగ్రాఫరెవరో సరిగ్గా కడిగాడు కాబట్టి తాతయ్య మిగిలాడు. అంతే. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొంది కాబట్టి అవి మిగిలాయి. ఏ పద్ధతైనా ఎవరో ఒకరు పట్టించుకుంటేనే నిలిచింది. మనం ఇంక్‌జెట్‌ని పట్టించుకోలేదు. అసహ్యించుకున్నాం, లేదా భజన చేశాం.

(పుస్తకాలు వేసేవాళ్ళనీ వదలను. మన కథాసంపుటాల వెనక అట్ట లోపలివైపు రచయిత ఫోటో చూడండి. సాచురేషన్ సున్నాకి లాగి ప్రెస్సుకి పంపిన ఆ బొమ్మలో కళ్ళజోడుకీ కనుబొమ్మలకీ తేడా ఉండదు. ముప్ఫై ఏళ్ళు రాసిన మనిషికి మనమిచ్చేది ఒక బొగ్గు మరక.)

'డబ్బున్నవాళ్ళ కబుర్లు ఇవి, పల్లెటూళ్ళో ఎవడు కొంటాడు మూడు నలుపుల ప్రింటరు?' అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేనూ కొనలేదు, ఏలూరులో ఒక మిత్రుడి దగ్గర తీయిస్తాను. కానీ ఆఫీసుల్లో వాడే కొన్ని ట్యాంకు ప్రింటర్లలో నల్ల ఇంకు ఒక్కటి పిగ్మెంట్ ఉంటుంది, మాన్యువల్‌లో రాసుంటుంది. వాటిలో రంగులన్నీ ఆపేసి, నలుపొక్కదానితో, మెరుపు రసాయనం లేని మ్యాట్ కాగితం మీద తీయొచ్చు. బుగ్గల దగ్గర, తెల్లచీర దగ్గర చుక్కలు కనిపిస్తాయి, నిజం. రెండడుగుల దూరంలో నిలబడితే కనిపించవు. నలుపు మాత్రం మసి. ఆరు రంగుల నునుపు ఫోటోకంటే ఈ చుక్కల ఫోటో గోడ మీద ఎక్కువకాలం మనిషిలా ఉంటుంది. నాలుగు ముక్కలు చెప్తే ఏ స్టూడియో అయినా చేయగలదు. వేసవిలో వారానికొక ప్రింటన్నా తీయకపోతే పిగ్మెంట్ ఇంకు ముక్కులో ఎండిపోతుంది, వానాకాలం కాగితం ఉబ్బి హెడ్డుకి రాసుకుంటుంది, కరెంటు పోతే మధ్యలో గీత పడుతుంది. ఆ కష్టాలున్నాయి. ప్రింటు ఎర్రబడటం కంటే నయం.

నాకింత తొందర ఎందుకంటే, మా చుట్టూ తోటలు పోతున్నాయి. 2022లో జిల్లాలు మారాక నూజివీడూ మేమూ ఒకే ఏలూరు జిల్లా కిందికి వచ్చాం, రసాలకి పేరున్న నేల అంతా ఒక చోటికి చేరింది. చేరేసరికి మా వైపు ఎన్నో మామిడి తోటలు పామాయిల్ అయిపోయాయి. మూడు తరాలు కాసిన పెద్దరసం చెట్లు కొట్టేముందు కొన్నిటిని తీసి పెట్టాను, నలుపు తెలుపులోనే. ఆ బెరడు, ఆ నీడ రంగులో ఆనవు. కిందటేడు చెట్టు కొట్టేసిన రైతుకి దాని ఫోటో ఒకటి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. "ఎన్నాళ్ళుంటుందండీ ఇది?" అన్నాడు. నోటిదాకా వచ్చిన వందేళ్ళు మింగేసి, "ఎండ తగలనివ్వకండి, తడిగోడకి పెట్టకండి, నాకంటే మీకంటే ఎక్కువే ఉంటుంది" అన్నాను.

నాయనమ్మది ఇంకో ఫోటో దొరికింది. మా అక్క పెళ్ళి గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, బొటనవేలి గోరంత మొహం. స్కాన్ చేస్తే ఎనిమిది అంగుళాలకి మించి లాగలేం, తాతయ్య కంటే చిన్నదిగా ఉంటుంది. మూడు నలుపులతో, పత్తి కాగితం మీద తీయించాను. ఫ్రేము కట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళి, అద్దం ప్రింటుకి తగలకుండా మధ్యలో మౌంటు వేయమన్నాను. "ఎందుకండీ, డబ్బులు దండగ, అతికించేస్తే సరి" అన్నాడు. వేయమన్నాను. శుక్రవారం రమ్మన్నాడు.