ఇటుక చేమంతి మళ్లీ పూస్తుందా?

అమ్మమ్మ వాళ్ల పెరట్లో బావిగట్టు పక్కన ఒక చేమంతి ఉండేది. రెక్క లోపలివైపు కాల్చిన ఇటుక రంగు, వెనకవైపు పసుపు. ఇంట్లో అందరం దాన్ని ఇటుక చేమంతి అనేవాళ్లం. అమ్మమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు బావి పూడ్చి కారు షెడ్డు వేసుకున్నారు. ఆ హడావుడిలో చేమంతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

మూడేళ్ల తర్వాత ఫోన్లో స్టోరేజ్ నిండిపోయి పాత ఫొటోలు డిలీట్ చేస్తుంటే కనిపించింది. అమ్మమ్మ చేతిలో సజ్జ, సజ్జ నిండా ఆ పూలు. వెంటనే అమ్మకి ఫోన్ కొట్టా.

"అమ్మా, ఇటుక చేమంతి పిలక ఎవరికైనా ఇచ్చిందా అమ్మమ్మ?"

"అడిగినవాళ్లందరికీ ఇచ్చేదే. మనమే అడగలేదు."

పిన్నిని అడిగా, మావయ్యని అడిగా, వాళ్ల ఎదురింటి అత్తనీ అడిగా. ఎవరి దగ్గరా లేదు. అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. దొరకని చేమంతిని మా మిద్దె మీద నేనే తయారు చేస్తానని బయల్దేరా.

మొదట్లో గింజ దొరికినా చాలనుకున్నా. తర్వాత తెలిసిందేంటంటే, చేమంతి విషయంలో గింజ మనకి తల్లిని తిరిగివ్వదు. మనకి క్రోమోజోములు రెండు సెట్లు ఉంటాయి కదా, తోట చేమంతికి మామూలుగా ఆరు సెట్లు, మొత్తం 54. పైగా తన పుప్పొడితో తను గింజ కట్టడం చాలా అరుదు. వేరే రకం పుప్పొడి రావాల్సిందే. ఆరు సెట్ల పేకముక్కలు రెండు ఇళ్ల నుంచి తెచ్చి కలిపినట్టన్నమాట. పది గింజలేస్తే పది రకాల మొక్కలొస్తాయి. అందుకే రైతులు చేమంతిని పిలకలతోనో కొమ్మ ముక్కలతోనో పెంచుతారు. బజార్లో ఒక రకం పేరుతో దొరికే మొక్కలన్నీ ఎప్పుడో పుట్టిన ఒకే ఒక్క మొక్క ముక్కలు. ఆ ముక్కల్లో చివరిది చచ్చిపోతే ఆ రకం కథ అంతే.

అయినా సరే, రంగైనా పట్టుకుందామనుకున్నా. పసుపు పిగ్మెంట్ మీద ఎర్ర పిగ్మెంట్ కూడితే ఆ ఇటుక రంగు వస్తుందని చదివా. నర్సరీ నుంచి ముద్ద పసుపు చేమంతి ఒకటి, మధ్యలో కన్ను కనిపించే చిన్న ఎర్ర చేమంతి ఒకటి తెచ్చా. పసుపుది తల్లి, ఎర్రది తండ్రి.

ఇక్కడో విషయం. చేమంతిలో మనం రెక్క అనుకునే ప్రతిదీ నిజానికి ఒక పువ్వే. చుట్టూ ఉన్న రెక్కల పూలు ఆడవి, వాటికి పుప్పొడి ఉండదు. మధ్య కన్నులో ఉన్న బుల్లి పూలకే పుప్పొడి ఉంటుంది. అందుకే బాగా ముద్దగా ఉన్నవి తండ్రిగా పనికిరావు.

నవంబర్‌లో పని మొదలెట్టా. తల్లి పువ్వు విచ్చుకుంటుండగా చిన్న కత్తెరతో రెక్కల్ని సగానికి పైగా కత్తిరించాలి. లోపల దాక్కున్న కీలాగ్రాలు పైకొచ్చి రెండుగా చీలి కనిపిస్తాయి. అప్పుడు బ్రష్‌తో ఎర్రదాని పుప్పొడి తీసి వాటికి అద్దాలి. కీలాగ్రాలు ఒక్కరోజే రావు కాబట్టి రోజు విడిచి రోజు మళ్లీ అద్దాలి. తర్వాత తేనెటీగలు రాకుండా కాగితం కవర్ కట్టి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ తగిలించాలి. రెక్కలు కత్తిరించిన పూలు చూసి మావారు "క్షవరం చేశావా?" అన్నారు.

జనవరిలో పువ్వు ఎండి గోధుమ రంగుకి తిరిగాక నలిపి చూస్తే 23 గింజలు. ఫిబ్రవరిలో వేస్తే 14 మొలిచాయి. మే ఎండకి అయిదు పోయాయి. మిగిలిన తొమ్మిదిటికి నంబర్లు వేశా.

అక్టోబర్ వచ్చింది. అయిదు కుండీలు మొగ్గ తొడిగాయి. పిట్టగోడ దగ్గరున్న నాలుగు మాత్రం ఆకులేసుకుంటూ కూర్చున్నాయి. ఎరువు మార్చా, పేనుబంకకి వేపనూనె కొట్టా. ఏం లాభం లేదు. ఒకరాత్రి బట్టలు తీయడానికి వెళ్తే అసలు సంగతి కనబడింది. వీధిలైటు నేరుగా ఆ నాలుగింటి మీదే పడుతోంది! చేమంతి మొగ్గ తొడగాలంటే దానికి పొడవాటి, అంతరాయం లేని చీకటి రాత్రులు కావాలి. కావాలని పూత ఆలస్యం చేయడానికి రైతులు రాత్రిపూట లైట్లు పెట్టేది ఇందుకే. కుండీలు వాటర్ ట్యాంక్ వెనక్కి జరిపా. జనవరికి అవీ పూశాయి.

ఇక ఫలితాలు. తొమ్మిదింటిలో ఆరు, రోడ్డు పక్క గడ్డిపూల్లాంటి ఒంటి వరస పూలు. ఒకటి మాసిపోయిన గులాబీ రంగు. ఒకటి పూర్తిగా విచ్చుకోనే లేదు. ఏడో నంబర్ దగ్గర మాత్రం ఆగిపోయా. అచ్చం కాల్చిన ఇటుక.

పెద్దపెద్ద సంస్థల్లోనూ ఇదే వరస, గింజలు మాత్రం వేలల్లో. ఎక్కువ భాగం పారేయడమే పని. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు కొమ్మలకి గామా కిరణాలు తగిలించి కూడా కొత్త రంగులు తీశారు. చేమంతికి పుట్టుకతో లేని నీలం కోసం జపాన్ శాస్త్రవేత్తలు ఏం చేశారో తెలుసా? రెండు మొక్కల జన్యువులు అరువు తెచ్చారు. అందులో ఒకటి మన కంచెల మీద పాకే శంఖుపువ్వుది! 2017లో ఆ నీలం చేమంతి సంగతి ప్రకటించారు.

ఒక్కసారి పూస్తే కొత్త రకం అయిపోదు. మన దేశంలో 2001 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ చేయాలంటే అది కొత్తదై ఉండాలి, మిగతా వాటికి భిన్నంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు మారినా గుణం మారకూడదు. నాకంత సీన్ లేదు కానీ ఏడో నంబర్ కొమ్మలు నాటి ఇంకో ఏడాది చూశా. అదే రంగు నిలిచింది.

ఈ కార్తీకంలో అమ్మ వచ్చింది. కుండీ ముందు పెట్టా. ఫొటో కూడా చూపించా. రెక్క తిప్పి వెనక చూసింది.

"వెనక పసుపేదీ? ఇది అది కాదే."

నిజమే. ఇది అది కాదు. అది ఇక రాదు. రెండేళ్లు కష్టపడ్డాక నేను ఒప్పుకున్న మాట అదే. ఒక్కరు పిలక అడిగి ఉంటే అయిదు నిమిషాల్లో మిగిలిపోయే మొక్క.

సాయంత్రం బస్సెక్కేముందు అమ్మే అడిగింది. "ఆ ఏడో నంబర్ పిలక ఒకటి ఇవ్వు." ఒకటి కాదు, మూడు ఇచ్చా. ఒకటి తనకి, ఒకటి పిన్నికి, ఒకటి ఎదురింటి అత్తకి. నా మిద్దె మీద పోయినా ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మీ ఊళ్లో, మీ అమ్మమ్మ పెరట్లో ఇలాంటి పేరులేని పువ్వేదైనా ఉందా? గింజల గురించి ఆలోచించకండి. ఈ ఆదివారం ఫోన్ చేసి పిలక అడగండి.