నూనె అయిపోయిన ఒత్తి వాసన

పోయిన నెల్లో చిలకలూరిపేట బస్టాండు కాడ టీ తాగుతుంటే మా ఊరి కుర్రోడొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. గుంటూరులో డిప్లొమా చదువుతున్నాడు. అటూ ఇటూ చూసి జేబులోంచి వేలెడంత రంగు డబ్బా తీశాడు.

"బాబాయ్, నువ్వు అన్నీ చదువుతుంటావు గదా. ఇది వారం నించి మాడు వాసన కొడతంది. నోరంతా చేదు. ఏం చెయ్యాల?"

"ఏందిరా ఇది?"

"వేప్."

"వేప అయితే చేదు కాక తియ్యగుంటదా?" అన్నా. వాడు నవ్వాడు, నేనూ నవ్వా. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలా. ఎందుకంటే ఆ మాట అడగడానికి వాడికి నేను తప్ప ఇంకో మనిషి లేడు. అమ్మినోణ్ణి అడిగితే "కొత్తది కొనుక్కో" అన్నాడంట. డబ్బా మీద తయారుచేసినోడి అడ్రసు లేదు, లోపల ఏముందో రాసి లేదు. ఇంట్లో అడిగితే తన్నులు. డాక్టర్ని అడగాలంటే సిగ్గు. 2019 నించి మన దేశంలో నిషేధంలో ఉన్న వస్తువు అది. నిషేధించిన వస్తువు పాడైతే ఫిర్యాదు ఎవరికి ఇస్తావ్?

అందుకని ముందు వాడడిగిన దానికే జవాబు చెప్తా. ఆ తర్వాత వాడు అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

ఈ-సిగరెట్ లోపల పెద్ద మాయేం లేదు. అది మన దీపం కుందె లాంటిదే. ఒత్తి ఉంటది, ఎక్కువగా పత్తి ఒత్తే. దాని చుట్టూ సన్నటి తీగ చుట్ట, అదే కాయిల్. నూనె బదులు ఓ ద్రవం: ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపే రసాయనాలు. బ్యాటరీ తీగని వేడి చేస్తే ఒత్తిలోని ద్రవం ఆవిరవుద్ది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అన్నం అడుగంటదు గదా, అట్టాగే ఒత్తి తడిగా ఉన్నంతసేపు అది మాడదు. ద్రవం అయిపోయినా, వెంటవెంటనే పీల్చినా, ఒత్తికి తడి అందదు. అప్పుడు పత్తే కాలిద్ది. నూనె అయిపోయాక దీపం ఒత్తి ఎట్టా కంపు కొడతదో మీ అమ్మని అడగండి. మావోడి డబ్బాలో వచ్చేది ఆ వాసనే.

అయితే కాలేది పత్తి ఒక్కటే కాదు. వేడి మితిమీరితే గ్లైకాల్, గ్లిజరిన్ విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ అనేవి పుడతయ్. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ ఉందే, అది నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడే. మూకుట్లో నూనె మాడినప్పుడు కళ్లు మండించే పొగలో ఉండేది ఎక్రోలిన్. వంటింట్లో ఆ పొగొస్తే కిటికీ తీస్తాం. ఇక్కడ నోటికి పెట్టుకుని లోపలికి లాగుతున్నాం.

ఇంక మిగతా రుచులు. ఇనప రుచి వస్తందంటే తీగ మీద, అతుకుల మీద అనుమానపడాల. ఆ తీగల్లో నికెల్, క్రోమియం లాంటివి ఉంటయ్. 2018లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 56 మంది వాడుతున్న పరికరాలు తెచ్చి పరీక్ష చేశారు. సీసాలో ఉన్నప్పుడు ద్రవంలో లోహాలు దాదాపు లేవు. కాయిల్‌ని తగిలాక మాత్రం సీసం, నికెల్, క్రోమియం కనపడినయ్. చాలా పరికరాల ఆవిరిలో అవి హద్దు దాటి ఉన్నయ్. అంటే విషం సీసాలోంచి రాలా, పొయ్యిలోంచి వచ్చింది.

మాడిన పాకం రుచి వస్తే, తీపి కోసం కలిపింది కాయిల్ మీద నల్లగా గడ్డకట్టిందని అర్థం. ద్రవం గోధుమ రంగుకి తిరిగి గొంతులో మిరియం ఘాటు తగిలితే నికోటిన్ గాలికీ వేడికీ మారిపోయినట్టు. 45 డిగ్రీల ఎండలో బండి డిక్కీలో పెట్టి తిరిగితే మారక ఏమవుద్ది? నాలిక మీద చేదు చుక్క పడితే కాయిల్ మునిగి ద్రవం కారుతున్నట్టు. ఆ చేదు నికోటిన్‌దే. పొగాకు కోసిన చేత్తో అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతి కూలీకీ ఆ చేదు తెలుసు. మంచుకి తడిసిన ఆకు కొడితే తలతిప్పడం, వాంతులు ఎందుకొస్తయ్యో కూడా తెలుసు. చర్మంలోంచి కూడా ఎక్కిద్ది అది. ఒకప్పుడు నికోటిన్ సల్ఫేట్‌ని పేనుబంకకి పురుగుమందుగా కొట్టేవాళ్లు. ఇయ్యాల మనం పత్తికీ మిర్చికీ కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కుటుంబం పేరే నియోనికోటినాయిడ్లు, అంటే కొత్త తరహా నికోటిన్ లాంటివి.

ఇంతవరకూ మావోడి ప్రశ్నకి జవాబు. వాడు అడగని ప్రశ్న ఏందంటే, రుచి బాగున్నప్పుడు అంతా బాగున్నట్టేనా?

కాదు. ఇది మన మిర్చి రైతుకి చెప్పక్కర్లేదు. మిరపకాయ కొరికితే నోరు మండిద్ది, నిజంగా మంటేం లేదు. వేడిని కనిపెట్టే నరాన్ని కాప్సైసిన్ మోసం చేసుద్ది. మెంథాల్ చేసేది కూడా అదే, కాకపోతే చల్లదనం కనిపెట్టే నరాన్ని మోసం చేసుద్ది. ఐస్ మ్యాంగో, ఐస్ మింట్ అని అమ్మేవాటిలో ఐస్ లేదు, మామిడికాయా లేదు. గొంతు మంట తెలీకుండా చేసే చల్లదనం ఉంది. ఇంకో కిటుకు, నికోటిన్‌కి బెంజోయిక్ యాసిడ్ లాంటిది కలిపి నికోటిన్ సాల్ట్ చెయ్యడం. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ దీంతోనే కుర్రకారుని పట్టింది. మామూలు నికోటిన్ ఎక్కువైతే గొంతు పట్టేసి దగ్గొచ్చిద్ది, మనిషి ఆగుతాడు. సాల్ట్ అయితే గొంతు ఒప్పుకుంటది. అందుకని అంతకు రెండింతలు మూడింతలు ఎక్కినా తెలీదు.

2019లో అమెరికాలో కుర్రోళ్లు ఊపిరాడక వరసబెట్టి ఆసుపత్రుల్లో పడ్డారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలైతే 68 మంది చనిపోయారు. ఎక్కువమంది వాడింది దొంగబజారులో కొన్న గంజాయి సారం వేప్‌లు. వాటిల్లో చిక్కదనం కోసం విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె కలిపారు. పీల్చేవాళ్లకి ఆ కల్తీ తెలీలేదు. నాలిక పట్టలేకపోయింది. ల్యాబు పట్టింది.

మనకి ఇట్టాంటి పాఠం ముందే అయింది. 2003లో మన దేశం నించి యూరప్ పోయిన కారప్పొడిలో సూడాన్ రంగు దొరికింది. చూడటానికి ఎర్రగా నిగనిగలాడింది, రుచికి ఏ తేడా లేదు. ల్యాబులో పెడితేనే బయటపడింది. ఆ తర్వాత ఎగుమతికి పరీక్షలు కట్టుదిట్టం చేశారు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబు ఉంది. విదేశాలకు పోయే మిర్చికి శాంపిలు తీసి చూసేవాళ్లున్నారు. మన కుర్రోడి ఊపిరితిత్తుల్లోకి పోయేదాన్ని చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఎందుకు లేడంటే అది చట్టం ప్రకారం అసలు లేనే లేదు. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సుకి ఒప్పుకుంది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది జైలు లేదా లక్ష జరిమానా లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల జైలు, 5 లక్షల జరిమానా. నిల్వ పెడితే ఆరు నెలలు లేదా 50 వేలు లేదా రెండూ. కాగితం మీద గట్టి చట్టమే. కానీ డిప్లొమా కుర్రోడి జేబులోకి ఆ డబ్బా ఎట్టా వచ్చింది? ఓడలో వచ్చింది, కొరియర్లో వచ్చింది, ఫోన్లో ఆర్డరిస్తే వచ్చింది. దొరికేది మాత్రం చివర్న నిలబడ్డ పాన్‌షాపోడు, లేకపోతే హాస్టలు కుర్రోడు.

ఇయ్యి ఎక్కువగా తయారయ్యేది చైనాలో షెన్‌జెన్ నగరంలో. ఆ చైనా 2022 అక్టోబరు 1 నించి సొంత దేశంలో పండ్ల రుచుల వేప్‌లు అమ్మకూడదని ఆపేసింది. తన పిల్లలకి వద్దన్నది ఊరి పిల్లలకి పంపుతుంది. బ్రిటన్ 2025 జూన్ 1 నించి వాడి పారేసే వేప్‌లు అమ్మనియ్యట్లేదు. అక్కడ సిగరెట్ మానలేనోళ్లకి వేప్ పనికొస్తదని డాక్టర్లు చెప్పే మాట నిజమే, దాన్ని దాచక్కర్లేదు. కానీ అక్కడ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్ దాటకూడదనే హద్దుంది, సీసా మీద రాత ఉంది, తేడా వస్తే అడిగే ఆఫీసుంది. మన దొంగ డబ్బాకి ఆ మాట అతికించి అమ్మడం మోసం. పైగా మావోడు జన్మలో సిగరెట్ ముట్టలా. వాడు మానడానికి ఎక్కలేదు, ఎక్కడమే దీంతో ఎక్కాడు.

ఇంకో మాట కూడా అనుకోవాల. పొగాకు బోర్డు హెడ్డాఫీసు గుంటూరులోనే, 1976 నించి. మన ఒంగోలు, కందుకూరు, టంగుటూరు నేలల్లో పండిన ఆకుతో కంపెనీలు మేడలు కట్టినయ్. 2025లో నల్ల బర్లీ పండించినోడి గతేమైందో చూశాం. ముందు ఏడు రేటు చూపించి వెయ్యమన్నారు, పంట వచ్చాక మొహం చాటేశారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ని దింపి కొనిపించాల్సొచ్చింది. పండించినోడు పందిట్లో ఆకు పెట్టుకుని ఏడుస్తుంటే, వాడి కొడుకు అదే నికోటిన్‌ని రంగు డబ్బాలో కొనుక్కుని పీలుస్తున్నాడు. నికోటిన్ వ్యాపారంలో రెండు కొసలా మనమే ఉన్నాం. లాభం మాత్రం ఏ కొసనా మనది కాదు.

అందుకని అడగాల్సింది అడుగుదాం. చట్టం అమలు రేవుల్లో, కొరియర్ గోడౌన్లలో, ఫోన్లలో కనపడే ప్రకటనల దగ్గర మొదలవ్వాల. పట్టుకున్న సరుకు ఊరికే తగలబెట్టకుండా శాంపిలు ల్యాబుకి పంపి అందులో ఏముందో తెలుగులో జనానికి చెప్పాల. కుర్రోడు దొరికితే స్టేషన్లో కూర్చోబెట్టడం కాదు, మానిపించే డాక్టరు దగ్గరికి పంపాల. కాలేజీలో "పొగ తాగరాదు" బోర్డు కొట్టి చేతులు దులుపుకుంటే చాలదు.

తమ్ముళ్లూ, మీతో ఓ నాలుగు మాటలు. మాడు వాసనొస్తే కాయిల్ మార్చొద్దు, దూది మార్చొద్దు, ఆ రోజే ఆపండి. ఆయాసం, గుండెల్లో నొప్పి, జ్వరంతో దగ్గు వస్తే పెద్దాసుపత్రికి పోయి వేప్ పీల్చానని నిజం చెప్పండి. దాస్తే డాక్టరు న్యుమోనియా అనుకుని వేరే దారిన పోతాడు. మానేశాక మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటది, ఆ తర్వాత తగ్గుద్ది. 1800-11-2356 కి ఫోన్ చెయ్యండి, పొగాకు మానిపించడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. పేరు బయటికి రాదు, తన్నులు ఉండవు.

మావోడికి కూడా ఇదే చెప్పా. "వాసన పోగొట్టడం ఎట్టా అని అడిగావు గదరా. ఆ డబ్బాలో నీకు అబద్ధం చెప్పనిది ఆ వాసన ఒక్కటే. దాన్ని పోగొట్టుకుంటే ఇంక నీకు చెప్పేవాళ్లెవరు?" అన్నా. వాడేం మాట్లాడలా. టీ డబ్బులిచ్చి బస్సెక్కాడు. డబ్బా మాత్రం బల్ల మీద వదిలేసి పోయాడు. మర్చిపోయాడో, కావాలనే వదిలాడో నేనింకా అడగలా. ఈసారి ఊరొచ్చినప్పుడు అడగాల.