బ్రేకు పట్టకపోతే లైనర్లదేనా తప్పు?

సైన్యం వేలం వేసిన పాత లారీలు చేతులు మారి పల్లెలకూ చేరాయి. 1959 నుంచి 1996 వరకు జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ అలాంటిదే. బండి గట్టిదే. బ్రేకు సరిగా పట్టడం లేదంటే మాత్రం షెడ్డులో వినిపించే మాట ఒకటే: లైనర్లు మార్చాలి. డబ్బు పోస్తారు, నాలుగు రోజులకు కథ మళ్లీ మొదటికే. జబ్బేమిటో ముందు చూడొద్దా?

నిలిపిన బండిలో, ఇంజను ఆడుతుండగా పెడల్ తొక్కి పట్టండి. మెత్తగా దిగి, రెండు మూడుసార్లు తొక్కాక గట్టిపడితే గొట్టాల్లో గాలి చేరి ఉండాలి, లేదా లైనరుకూ డ్రమ్ముకూ ఎడం పెరిగి ఉండాలి. తొక్కిన పెడల్ మెల్లగా కిందికి జారుతోందా? గొట్టాలు, చక్రాల లోపలి పక్క తడి ఉందేమో చూడండి. ఎక్కడా లేకపోతే అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్ రబ్బరు కప్పులనే. పెడల్ రాయిలా ఉన్నా బండి ఆగకపోతే బూస్టర్ పనిచేస్తోందా అన్నది తేల్చాలి. వెనుక హబ్ సీలు కారి లైనర్లు నూనెలో నానినా బ్రేకు జారుతుంది. బండి ఎడమకు లాగితే చాలామంది ఎడమ చక్రమే విప్పుతారు. పట్టు తగ్గింది తరచూ కుడి చక్రానికే.

పెడల్ కొట్టి కొట్టి బండి ఆపే డ్రైవరును నేర్పరి అంటున్నాం. పైన మూటల మీద కూలీలు కూర్చుని ఉంటారే! పెడల్ జారే బండికి ఆ రోజు బాడుగ వదులుకోవలసింది యజమానే, డ్రైవరు మీదికి నెట్టకూడదు.

ఇంకొకటి. బ్రేక్ ఆయిల్ లేదని ఇంజను ఆయిల్ పోసేవారున్నారు. దానికి రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. అలా పోసిన బండికి ఆయిల్ పారబోస్తే చాలదు, కప్పులు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాలి.